అరటి ఎగుమతి తోటలు: మనుషుల మీద, నేల మీద పడిన భారం

దూరదేశపు మార్కెట్టు కోసం ఒకే రకం అరటిని వేల ఎకరాల్లో, ఏడాది పొడుగునా కోతకు వచ్చేలా పెంచే తోటలను అరటి ఎగుమతి తోటలంటారు. పెరటి అరటికీ వీటికీ పోలిక మొక్క వరకే. మధ్య అమెరికా దేశాలు, కొలంబియా, ఈక్వడార్, కరీబియన్ దీవులు, ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవి వీటికి ముఖ్య స్థానాలు. ప్రపంచంలో పండే అరటిలో ఎక్కువ భాగాన్ని పండిన దేశంలోనే తింటారు. సరిహద్దులు దాటి పోయేది ఏటా సుమారు 2 కోట్ల టన్నులు. అందులో దాదాపు మూడో వంతు ఒక్క ఈక్వడార్‌దే.

అమెరికా, ఐరోపా దుకాణాల్లో చాలాకాలంగా ఆపిల్ కన్నా అరటే చవక. ఊరి పక్క తోటలో కాసిన పండు కన్నా సముద్రం దాటి వచ్చిన పండు, అదీ రెండు మూడు వారాల్లో కుళ్లిపోయే పండు, చవకగా ఎలా దొరుకుతోంది? ఆ తేడాను నూట యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. తోటలో పనిచేసినవాళ్లు కొంత, తోట పక్కన కాపురం ఉన్నవాళ్లు కొంత, నేలా నీళ్లూ మిగిలింది.

ఒకే చెట్టు

తినే అరటికి గింజ ఉండదు. పిలక నాటితే తల్లి చెట్టే మళ్లీ మొలుస్తుంది. తోటలో లక్ష చెట్లున్నా పుట్టుక లెక్కన అది ఒకే చెట్టు. ఒకదానికి సోకిన తెగులును తట్టుకునే చెట్టు ఆ తోటలో మరొకటి ఉండదు. చిన్న రైతు తన ఎకరంలో రెండు మూడు రకాలు కలిపి వేసుకుంటే, మధ్యలో పసుపో కందో పెట్టుకుంటే ఈ లోపం అంతగా బాధించదు. ఎగుమతి వ్యాపారికి మాత్రం గెలలన్నీ ఒకే సైజులో, ఒకే పక్వంలో, ఒకే ఓడకు అందాలి. ఆ అవసరమే వేల ఎకరాలను ఒకే రకంతో నింపింది. తరువాత వచ్చిన తెగుళ్లకూ, మందులకూ, మందులు తెచ్చిన జబ్బులకూ మొదలు ఇక్కడే ఉంది.

1960ల వరకు ఆ రకం గ్రో మిషెల్. తోలు మందం, గెలలను గెలలుగానే ఓడలో పేర్చినా చెక్కుచెదరదు. తరువాత దాని చోటు కావెండిష్ ఆక్రమించింది. ఇంగ్లండులో డెవన్‌షైర్ డ్యూక్ విలియం కావెండిష్ గాజు ఇంట్లో 1830లలో తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ పెంచిన మొక్క వల్ల ఆ కుటుంబం పేరు దానికి స్థిరపడింది. ఇవాళ ఎగుమతి అయ్యే అరటి దాదాపు అంతా ఈ రకమే. మన రైతులు జీ–9 అనే గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ వంగడమే.

పట్టాల వెంట మొలిచిన తోటలు

1870లో లొరెంజో డౌ బేకర్ అనే ఓడ కెప్టెన్ జమైకాలో 160 గెలలు కొని న్యూజెర్సీలో అమ్మి లాభం చేసుకున్నాడు. అదే కాలంలో కోస్టారికాలో రాజధాని సాన్ హొసే నుంచి తూర్పు తీరంలోని లిమోన్ వరకు రైలుమార్గం వేసే కాంట్రాక్టు అమెరికా వ్యాపారి హెన్రీ మీగ్స్‌కు దక్కింది. ఆ పని మేనల్లుడు మైనర్ కీత్ చేతికి వచ్చింది. చిత్తడి అడవిలో మలేరియా, పచ్చజ్వరం కూలీలను తినేశాయి. చనిపోయినవాళ్లు నాలుగు వేలకు తక్కువ కాదని అంటారు. వారిలో కీత్ సొంత సోదరులూ ఉన్నారు. జమైకా నుంచి నల్లజాతి కూలీలను, చైనా నుంచి, ఇటలీ నుంచి మనుషులను తెచ్చి 1890 నాటికి పని ముగించారు. కూలీల తిండికని, ఆపైన ఖాళీ పెట్టెలు నింపడానికని పట్టాల పక్కన వేసిన అరటే చివరికి రైలు కన్నా ఎక్కువ డబ్బు తెచ్చింది.

1899లో కీత్ వ్యాపారమూ, బేకర్, ఆండ్రూ ప్రెస్టన్‌ల బోస్టన్ ఫ్రూట్ కంపెనీ కలిసి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీగా ఏర్పడ్డాయి. నేల, రైలు, రేవు, ఓడలు, తంతి, కూలీలు సరుకులు కొనుక్కునే కొట్టు అన్నీ దానివే. అందుకే ఆ దేశాల్లో జనం దాన్ని ఎల్ పుల్పో, అంటే ఆక్టోపస్, అన్నారు. 1911లో హోండురాస్‌లో పన్ను మినహాయింపులు కావలసి వచ్చిన మరో అరటి వ్యాపారి సామ్ జెమర్రే మాజీ అధ్యక్షుడు మనువెల్ బొనియాకు డబ్బూ ఓడా తుపాకులూ సమకూర్చి పాత ప్రభుత్వాన్ని దించడానికి తోడ్పడ్డాడు. ఒక్క పంట మీద బతుకుతూ విదేశీ కంపెనీ చెప్పినట్టు ఆడే దేశానికి ‘బనానా రిపబ్లిక్’ అనే పేరు అప్పటికే వాడుకలోకి వచ్చేసింది. హోండురాస్‌లో కొంతకాలం తలదాచుకున్న అమెరికా కథకుడు ఓ హెన్రీ 1904లో వేసిన పుస్తకంలో ఆ మాట పుట్టింది. ఈ మాటను ఇప్పుడు ఎగతాళికి వాడుతున్నారు. ఎగతాళి చేయవలసింది ఆ దేశాలనా, వాటిని అలా చేసినవాళ్లనా అన్నది వేరే ప్రశ్న.

కూలీలను తేవడంలో జాతిభేదం కంపెనీలకు ఆయుధంగా పనికొచ్చింది. జమైకాలో భారతీయ ఒప్పంద కూలీలను అరటి తోటల్లోనూ పెట్టారు. కోస్టారికాలో లిమోన్ తోటలను కట్టింది నల్లజాతివారు. కానీ 1934లో కంపెనీ పసిఫిక్ తీరానికి మారుతున్నప్పుడు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో అక్కడ నల్లవాళ్లను పనిలో పెట్టకూడదని రాసుకున్నారు. అదే ఏడు ఆగస్టులో కోస్టారికా తోటల్లో పెద్ద సమ్మె జరిగింది. దానికి నాయకుడైన కార్లోస్ లూయిస్ ఫాయాస్ స్వయంగా తోటపనివాడు. 1941లో ఆ బతుకు మీద ‘మమీతా యునాయ్’ అనే నవల రాశాడు.

కాగితాల మీద లేని కూలీలు

1928 నవంబరు 12న కొలంబియాలోని శాంతా మార్తా ప్రాంతపు అరటి కూలీలు యునైటెడ్ ఫ్రూట్ మీద సమ్మె కట్టారు. అడిగినవి ఏమంత పెద్ద కోర్కెలు కావు: కంపెనీ కొట్టులో మాత్రమే చెల్లే చీటీలకు బదులు డబ్బు, వారానికోసారి కూలి, వారంలో ఒకరోజు సెలవు, ప్రమాదం జరిగితే పరిహారం. కంపెనీ చెప్పిన సమాధానం ఈ వ్యాసానికి ముఖ్యం. వీళ్లెవరూ మా ఉద్యోగులు కారంది. కూలీలను పెట్టుకున్నది మేస్త్రీలు, కనుక కార్మిక చట్టం కంపెనీకి వర్తించదంది. కాగితాల మీద అది నిజమే.

ప్రభుత్వం సైనిక చట్టం పెట్టింది. డిసెంబరు 6 తెల్లవారకముందే సియెనగ ఊరి రైల్వే కూడలిలో గుమిగూడిన కూలీల మీద జనరల్ కార్లోస్ కోర్తేస్ వర్గాస్ దళం కాల్పులు జరిపింది. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలలేదు. జనరల్ ఒప్పుకున్నది 47. బొగోటాలోని అమెరికా రాయబారి 1929 జనవరిలో తన ప్రభుత్వానికి పంపిన తంతిలో, మృతులు వెయ్యి దాటారని కంపెనీ ప్రతినిధే తనకు చెప్పినట్టు రాశాడు. యువ శాసనసభ్యుడు హొర్హె ఎలియేసర్ గైతాన్ 1929లో సభలో దీన్ని రోజుల తరబడి నిలదీశాడు. ఆ ప్రాంతంలోనే పెరిగిన గాబ్రియెల్ గార్సియా మార్కెస్ తన నవల ‘వన్ హండ్రెడ్ యియర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లో మూడువేల శవాలను రైలెక్కించాడు. చరిత్రకారులు లెక్క తేల్చలేకపోయిన చోట జనం జ్ఞాపకంలో నవలలోని సంఖ్యే నిలిచిపోయింది.

మేస్త్రీ ద్వారా కూలీని పెట్టుకునే పద్ధతి ఇప్పటికీ పోలేదు. కూలి రోజు లెక్కన కాకుండా గెలల లెక్కన. మూడు నెలల కాంట్రాక్టు, ఆపైన కొత్త కాంట్రాక్టు. సంఘంలో చేరినవాడికి రెండోసారి పిలుపు రాదు. గ్వాటెమాలాలో సంఘాలు బలంగా ఉన్న ఉత్తర తోటల నుంచి సంఘాలే లేని దక్షిణ పసిఫిక్ తీరానికి ఉత్పత్తి జరిగిపోయింది. 1999 అక్టోబరులో గ్వాటెమాలాలోని మొరాలెస్ ఊళ్లో ఆయుధాలు పట్టుకున్న గుంపు అరటి కార్మిక సంఘం నాయకులను నిర్బంధించి, తుపాకీ చూపి, రాజీనామాలు చేయించింది. ఈక్వడార్ తోటల్లో పదేళ్లయినా నిండని పిల్లలు పనిచేస్తున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2002లో బయటపెట్టింది. పనామాలో 2025లో పింఛను చట్టానికి వ్యతిరేకంగా తోటపనివాళ్లు సమ్మెకు దిగితే మే నెలలో చికీటా కంపెనీ (పూర్వపు యునైటెడ్ ఫ్రూట్) సుమారు 5,000 మందిని ఒక్కసారిగా తొలగించింది.

గ్వాటెమాలా గురించి మరో మాట. అధ్యక్షుడు హకోబో ఆర్బెన్స్ 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చి కంపెనీ బీడుగా ఉంచిన నేల తీసుకున్నాడు. పరిహారం కింద 6,27,572 డాలర్లు ఇస్తానన్నాడు. అది కంపెనీ పన్ను తగ్గించుకోవడానికి తానే రాసి ఇచ్చిన విలువ. అమెరికా ప్రభుత్వం కంపెనీ తరఫున కోటీ యాభై ఎనిమిది లక్షలకు పైగా అడిగింది. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డలెస్ పూర్వం పనిచేసిన న్యాయవాద సంస్థ యునైటెడ్ ఫ్రూట్‌కు వకాల్తా పట్టినదే. ఆయన తమ్ముడు అలెన్ సీఐఏ అధిపతి. 1954 జూన్‌లో సీఐఏ నడిపిన కుట్రలో ఆర్బెన్స్ దిగిపోయాడు. తరువాత 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఆ యుద్ధానికి కారణం అరటి ఒక్కటే అనడం అతిశయోక్తి. అరటి లేకుండా ఆ కథ మొదలు కాదన్నది మాత్రం నిజం.

రామచిలుకలు

ఎగుమతి తోటలను మొదట కూల్చింది పనామా తెగులు. ఫ్యుసేరియం అనే శిలీంధ్రం నేలలోంచి వేళ్లలోకి పాకి, చెట్టు లోపలి నాళాలను మూసేస్తుంది. ఆకులు పసుపుబారి బోదె చుట్టూ వేలాడిపోతాయి. మందు లేదు. కంపెనీలు వెతుక్కున్న ఉపాయం ఒక్కటే. నేలను వదిలేసి కొత్త అడవి నరకడం. పట్టాలు కూడా పీక్కుని పోయేవారు. తోటను నమ్ముకుని వెలిసిన ఊళ్లు వెనక మిగిలిపోయేవి.

1930లలో ఫిజీ దీవుల లోయ పేరు మీద సిగటోకా అని పిలిచే ఆకుమచ్చ తెగులు మధ్య అమెరికా చేరింది. దీనికి మాత్రం మందు దొరికింది: మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. తోటంతా గొట్టాలు పరిచి, మనుషుల చేత రోజంతా కొట్టించారు. మందు కొట్టేవాళ్ల ఒళ్లూ బట్టలూ నీలిపచ్చగా మారిపోయేవి. చెమట కూడా ఆ రంగే. తోటల్లో వాళ్లను పెరీకోలు, అంటే రామచిలుకలు, అని పిలిచేవారు. దగ్గు, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం వాళ్లలో మామూలు. ముప్పై ఏళ్లు కొట్టిన తుత్తం ఎక్కడికీ పోలేదు. కోస్టారికా పసిఫిక్ తీరపు పాత తోటల నేలల్లో రాగి పేరుకుపోయింది. కంపెనీ 1980లలో ఆ ప్రాంతం వదిలి వెళ్లాక అక్కడ వరో మరో పంటో వేసుకుందామనుకున్న రైతులకు చాలాచోట్ల మొక్క ఎదగని నేల మిగిలింది.

1960ల నాటికి గ్రో మిషెల్‌కు బదులు పనామా తెగులును తట్టుకునే కావెండిష్ వచ్చింది. దీని తోలు పలచన, కాస్త తగిలినా నల్లబడుతుంది. అందుకే గెల నుంచి అత్తాలు కోసి, నీళ్ల తొట్టెల్లో కడిగి, చివర్లకు శిలీంధ్రనాశిని పూసి, 18 కిలోల అట్టపెట్టెల్లో సర్దడం మొదలైంది. ఈ పనికి ఆడవాళ్లను పెట్టారు. రోజుకు పది గంటలు మందునీళ్లలో చేతులు నానితే గోళ్లు ఊడిపోవడం, చర్మం చిట్లిపోవడం ఆ షెడ్లలో ఎవరినడిగినా చెబుతారు.

నెమగాన్

వేళ్లను తినే నులిపురుగుల కోసం డీబీసీపీ అనే మందును 1960, 70 దశకాల్లో అరటి తోటల నేలలోకి ఎక్కించారు. తోటల్లో దాని పేరు నెమగాన్. ఎలుకల్లో వృషణాలను కుదించేస్తోందని 1961లోనే ప్రచురితమైన పరిశోధన చెప్పింది. ఆ పరిశోధనకు డబ్బు పెట్టినవి మందు తయారు చేసే డౌ, షెల్ కంపెనీలే. అయినా అమ్మకం ఆగలేదు. 1977లో కాలిఫోర్నియాలో ఈ మందు తయారుచేసే లేథ్రాప్ కర్మాగారంలో మగ కార్మికులు తమలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించుకుని పరీక్షలు చేయించుకున్నారు. అప్పుడు బయటపడింది. రెండేళ్లలో అమెరికా దాదాపు అన్ని పంటల మీదా దాన్ని నిషేధించింది. తయారీదారు సరఫరా ఆపుతానంటే, అరటి తోటలున్న స్టాండర్డ్ ఫ్రూట్ కంపెనీ (తరువాత డోల్) ఒప్పందం ప్రకారం పంపాల్సిందేనని పట్టుబట్టింది.

కోస్టారికాలోనే వెయ్యి మందికి పైగా మగవాళ్లు పిల్లలను కనే శక్తి పోగొట్టుకున్నారు. హోండురాస్, నికరాగ్వా, ఈక్వడార్, ఫిలిప్పీన్స్‌ల బాధితులను కలిపితే దావా వేసినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఊరివాళ్ల దృష్టిలో పిల్లలు లేకపోవడం మగవాడి లోపంగా, చాలాచోట్ల ఆడదాని లోపంగానే లెక్క. ఎన్నో కాపురాలు కూలిపోయాయి. ఈ నష్టం ఏ దావాలోనూ డాలర్లలోకి మారలేదు.

అమెరికా కోర్టులు మీ కేసు మీ దేశంలోనే వేసుకోమని చాలాసార్లు తిప్పి పంపాయి. 1990లో టెక్సస్ సుప్రీంకోర్టు మాత్రం కోస్టారికా కూలీల కేసు విననిచ్చింది. కంపెనీలు రాజీకి వచ్చాయి. నికరాగ్వా 2000లో బాధితుల కోసం ప్రత్యేక చట్టమే చేసింది. 2007లో లాస్ ఏంజలెస్ జ్యూరీ కొందరు నికరాగ్వా కూలీలకు పరిహారం ఇప్పించింది. తరువాత న్యాయమూర్తి, తోటల్లో పనే చేయని వాళ్లను వాదులుగా నిలబెట్టారని, సాక్ష్యం తయారు చేశారని తేల్చి ఆ తీర్పును కొట్టేసింది. నిజంగా మందు మోసిన ముసలివాళ్లకు ఆ అబద్ధం వల్ల జరిగిన అన్యాయం కంపెనీలు చేసినదానికి తక్కువేమీ కాదు.

మార్టినిక్, గ్వాడెలూప్

ఈ కరీబియన్ దీవులు ఫ్రాన్సులో భాగం. ఇక్కడి కథ మిగతావాటి కన్నా చేదు. దుంపను తొలిచే ముక్కుపురుగును చంపడానికి 1972 నుంచి క్లోర్డెకోన్ అనే పొడిని చెట్టు మొదట్లో చల్లారు. 1975లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం హోప్‌వెల్ పట్టణంలో, దాన్ని తయారుచేసే కర్మాగారపు కార్మికులకు చేతులు వణకడం, చూపు చెదరడం మొదలై ఆ కర్మాగారమే మూతపడింది. ఫ్రాన్సు 1990లో నిషేధించింది. దీవుల తోట యజమానులకు మినహాయింపులిచ్చి 1993 దాకా వాడనిచ్చింది. అంతకు ఎంతో ముందే, 1974లో, మార్టినిక్ అరటి కూలీలు ఈ విషపు మందులు ఆపమని కూడా అడుగుతూ సమ్మె చేశారు. ఆ సమ్మెలో పోలీసు కాల్పులు జరిగాయి.

క్లోర్డెకోన్ నేలలోంచి పోదు. కొన్ని రకాల నేలల్లో శతాబ్దాలు ఉంటుందని అంచనా. వానకు వాగుల్లోకి, వాగుల నుంచి సముద్రంలోకి దిగుతుంది. తీరం పొడుగునా కొన్ని మేరల్లో చేపలు పట్టడం నిషిద్ధం. ఫ్రెంచి ప్రజారోగ్య సంస్థ 2013–14లో రక్తం పరీక్షిస్తే మార్టినిక్ పెద్దల్లో 92 శాతం, గ్వాడెలూప్ పెద్దల్లో 95 శాతం మందిలో ఆ మందు కనిపించింది. గ్వాడెలూప్‌లో 2010లో వెలువడిన అధ్యయనం దీన్ని ప్రోస్టేట్ క్యాన్సర్‌తో ముడిపెట్టింది. 2021 డిసెంబరులో ఫ్రాన్సు ఆ క్యాన్సర్‌ను పురుగుమందు వల్ల వచ్చే వృత్తిరోగంగా ఒప్పుకుంది. అయితే 2023 జనవరిలో పారిస్ న్యాయమూర్తులు దీన్ని ఆరోగ్య కుంభకోణమంటూనే, కాలం మించిపోయిందని, సాక్ష్యం చాలదని, ఎవరి మీదా అభియోగం లేకుండా కేసు మూసేశారు.

ఇందులో ఒక విచిత్రముంది. క్లోర్డెకోన్ వేళ్లలో, దుంపల్లో చేరుతుంది గానీ అంత ఎత్తున ఉన్న గెలలోకి ఎక్కదు. అంటే ఆ నేలలో కాసి పారిస్ వెళ్లిన అరటిపండు శుభ్రమైనదే. విషం చేరింది ఆ నేలలో పెండలం, చిలగడదుంప తవ్వుకు తిన్నవాళ్లలో, ఆ వాగులో చేప పట్టుకున్నవాళ్లలో, ఆ పెరట్లో తిరిగిన కోడి గుడ్డు తిన్నవాళ్లలో.

విమానం మందు

1972లో హోండురాస్‌లో నల్ల సిగటోకా కనిపించినప్పటి నుంచి ఎగుమతి తోటలు గాలి మందు లేకుండా బతకడం లేదు. కోస్టారికాలో ఏడాదికి 40 నుంచి 60 సార్లు విమానాలతో శిలీంధ్రనాశిని చల్లుతారు, అంటే దాదాపు వారం వారం. గాలికి కొట్టుకొచ్చిన తుంపర బడి మీద, బావి మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. మతీనా జిల్లాలో 2010 నుంచి గర్భిణుల మీద జరిగిన అధ్యయనంలో, మాంకోజెబ్ అనే మందు ఒంట్లో విడిపోయి తయారయ్యే పదార్థం చాలామంది మూత్రంలో సురక్షితమనుకునే మోతాదుకు మించి కనిపించింది. తోటకు దగ్గరగా ఇల్లున్న కొద్దీ ఎక్కువ. ఐరోపా సమాఖ్య 2020లో మాంకోజెబ్ అనుమతిని రద్దు చేసింది. ఆ మందుతో పెంచిన పండును కొనడం మాత్రం మానలేదు.

మిందనావోలోని దావావో నగరం 2007లో విమానం మందును నిషేధించింది. తోట యజమానులు కోర్టుకెక్కారు. 2016లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది.

గెలలకు తొడిగే నీలం సంచుల్లోనూ మందు ఉంటుంది. చాలాకాలం అది ఎక్కువగా క్లోర్‌పైరిఫాస్. వాన కాలువల్లో కొట్టుకుపోయిన ఆ సంచులు కరీబియన్ తీరమంతా కనిపిస్తాయి. చిత్తడి నేలను ఆరబెట్టడానికి తోటంతా కాలువలు తవ్వడం వల్ల మందూ మన్నూ కలిసి తిన్నగా నదుల్లోకి దిగుతాయి. తీరంలో పగడపు దిబ్బలు ఆ మట్టి కింద ఊపిరాడక చస్తున్నాయి. కోస్టారికాలోని తోర్తుగేరో రక్షితారణ్యం దగ్గర కెయిమన్ మొసళ్ల రక్తం పరీక్షించిన పరిశోధకులు 2013లో పురుగుమందుల ఆనవాళ్లు ప్రకటించారు. తోటలకు దగ్గరున్నవి బక్కచిక్కి ఉన్నాయి.

తుపాకీ లెక్క

కొలంబియాలోని ఉరాబా అరటి ప్రాంతంలో 1980, 90 దశకాల్లో గెరిల్లాలు, వారిని తరిమిన పారామిలిటరీ దళాలు వేలమందిని చంపారు. సంఘం పెట్టినవాడు ఏదో ఒక పక్షానికి శత్రువే. 1997 నుంచి 2004 వరకు చికీటా, అంటే పూర్వపు యునైటెడ్ ఫ్రూట్, ఏయూసీ అనే పారామిలిటరీ దళానికి 17 లక్షల డాలర్లు చెల్లించింది. ఆ దళాన్ని అమెరికా 2001లో తీవ్రవాద సంస్థగా ప్రకటించాక కూడా చెల్లింపులు సాగాయి. బెదిరించి వసూలు చేశారని కంపెనీ వాదన. 2007లో నేరం ఒప్పుకుని రెండున్నర కోట్ల డాలర్ల జుల్మానా కట్టింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఆ జుల్మానాలో పైసా రాలేదు. 2024 జూన్‌లో ఫ్లోరిడా జ్యూరీ ఎనిమిది హత్యలకు కంపెనీని బాధ్యురాలిని చేసి 3 కోట్ల 83 లక్షల డాలర్లు ఇమ్మంది. హత్యలు జరిగి అప్పటికి ఇరవై ఏళ్లు దాటాయి.

ధర, ముద్రలు

ఐరోపా, అమెరికా సూపర్ మార్కెట్లు అరటిని నష్టానికైనా అమ్మి, దాన్ని చూపి జనాన్ని కొట్టుకు రప్పిస్తాయి. ఆ ఒత్తిడి కిందికి దిగి దిగి పెట్టె ధరగా, చివరికి గెల కూలిగా తేలుతుంది. రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ 1990ల మొదట్లో, ఫెయిర్‌ట్రేడ్ ఆ తరువాత అరటికి ధ్రువీకరణ ముద్రలు వేయడం మొదలుపెట్టాయి. కనీస ధర, అదనపు సొమ్ము ఇచ్చే ఫెయిర్‌ట్రేడ్ వల్ల చిన్న రైతుల సహకార సంఘాలకు కొంత మేలు జరిగింది. పెద్ద తోటల మీద వేసిన ముద్రలు చెత్త తీయడం, చెట్లు నాటడం వరకు బాగానే చేయించాయి. విమానాన్ని మాత్రం ఏ ముద్రా పూర్తిగా దింపలేదు. ఒకే రకం అరటి ఉన్నంతకాలం దించడం కష్టం కూడా.

ఆ ఒకే రకానికి ఇప్పుడు రెండో గండం వచ్చింది. కావెండిష్‌నే చంపే కొత్త పనామా తెగులు, టీఆర్–4, తైవాన్‌లో మొదలై ఇండోనేషియా, మలేసియా, ఆస్ట్రేలియా, మొజాంబిక్‌ల మీదుగా 2019లో కొలంబియా, 2021లో పెరూ చేరింది. ఆస్ట్రేలియా 2024లో అడవి అరటి జన్యువు చేర్చిన కావెండిష్‌కు అనుమతిచ్చింది. మార్కెట్లోకి ఇంకా రాలేదు.

తెలుగు నేల

ప్రపంచంలో అరటి ఎక్కువగా పండేది భారతదేశంలో, ఏటా 3 కోట్ల టన్నులకు మించి. ఎగుమతి అయ్యేది అందులో చాలా కొద్ది భాగమే. పండించేదీ ఎక్కువగా చిన్న రైతే. అందువల్ల పైన చెప్పిన కథ మనకు అతికించడం తప్పు. రావులపాలెం మార్కెట్టుకు వచ్చే చక్కెరకేళి, కర్పూరం, బొంత, అమృతపాణి గెలలు ఒకే చెట్టు పిల్లలు కావు.

రాయలసీమ దారి కొంత వేరు. అనంతపురం, కడప జిల్లాల్లో గత ఇరవై ఏళ్లలో బిందు సేద్యం మీద, టిష్యూకల్చర్ మొక్కలతో జీ–9 తోటలు విస్తరించాయి. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ముంబయి నెహ్రూ రేవుకు 43 శీతల కంటైనర్లలో సుమారు 980 టన్నుల అరటితో ప్రత్యేక రైలు బయలుదేరింది. ఆ సరుకు ఇరాన్‌కు. రైతుకు అది మంచి రోజే, కాదనలేం. అయితే అరటికి ఏడాదికి 1,200 నుంచి 2,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అనంతపురంలో కురిసే వాన దాదాపు 550. మిగతాది బోరు నుంచో కాలువ నుంచో రావాలి. అరటి పేరుతో ఇరాన్ వెళ్లినదాంట్లో సీమ నీళ్లూ ఉన్నాయి.

పనామా తెగులు మనకు కొత్త కాదు. అమృతపాణి తోటలు గోదావరి జిల్లాల్లో తగ్గిపోవడానికి ఒక కారణం అదే. కానీ టీఆర్–4 ఇప్పుడు దేశంలోకి వచ్చేసింది. బిహార్‌లోని కటిహార్ ప్రాంతంలో, ఉత్తరప్రదేశ్‌లో దాన్ని గుర్తించారు. అక్కడ వాడిపోయింది మన సీమలో వేసిన జీ–9 రకమే. జీవశిలీంధ్రాలతో తయారైన ఫ్యూసికాంట్ వంటివి కొంత అదుపు చేస్తున్నాయి గానీ నేలలో చేరిన తెగులును తుడిచేసే మందు లేదు. కాబట్టి అరటి రైతులు ఆ ప్రాంతాల నుంచి పిలకలు, దుంపలు తెచ్చుకోకూడదు. మొక్క ఏ ప్రయోగశాల నుంచి వచ్చిందో అడిగి, ధ్రువపత్రం చూసి కొనాలి. వేరే తోటలో దున్ని వచ్చిన ట్రాక్టరు చక్రాలను, కోతకు వచ్చినవాళ్ల కత్తులను, చెప్పులను కడగనిదే గట్టు దాటనివ్వకూడదు. ఒక్కసారి మట్టిలో కలిసిన ఆ శిలీంధ్రం చెట్టు లేకపోయినా ముప్పై ఏళ్ల దాకా బతికే ఉంటుంది.